చేయి వణుకుతోంది, మేడమ్

ప్రశ్న:

మేడమ్, నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో అనస్థీషియా (మత్తు వైద్యం) పీజీ రెండో సంవత్సరం చదువుతున్నాను. రెండు నెలల క్రితం నైట్ డ్యూటీలో ఉండగా ఒక సిజేరియన్ కేసు అర్జెంటుగా వచ్చింది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని గైనిక్ వాళ్లు తొందరపెట్టారు. వెన్నుకు ఇచ్చిన ఇంజెక్షన్ సరిగా పని చేయలేదు. పూర్తి మత్తు ఇవ్వాల్సి వచ్చింది. నేను గొంతులోకి ఊపిరి గొట్టం (ట్యూబ్) వేయబోతే మొదటిసారి పడలేదు. రక్తంలో ఆక్సిజన్ 82 శాతానికి దిగింది. మా సీనియర్ నన్ను పక్కకు తోసి తనే వేశారు. తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. కానీ ఆయన అందరి ముందూ "నీకు ఈ బ్రాంచి ఎవరిచ్చారు?" అని అరిచారు. అప్పటి నుంచి గొంతు లోపలికి చూసే లారింగోస్కోప్ పట్టుకుంటే చేయి వణుకుతోంది. ఎవరికీ చెప్పలేదు. తేలికైన కేసులు చూసుకుని నెట్టుకొస్తున్నాను.

పోయిన వారం ఫస్టియర్ అబ్బాయి ఒకతను గొంతులో చేరేది లాగేసే సక్షన్ పెట్టుకోకుండా కేసు మొదలుపెట్టబోయాడు. నేనూ అతని మీద అలాగే అరిచాను. అక్షరాలా అవే మాటలు. గదికి వెళ్లి చాలాసేపు ఏడ్చాను.

పెళ్లిచూపులకు వచ్చినవాళ్లు "మత్తు డాక్టరా? మరి సొంత ప్రాక్టీసు ఎలా?" అని అడుగుతున్నారు. మళ్లీ నీట్ పీజీ రాయమని నాన్న అంటున్నారు. నేను మత్తు ఇచ్చిన పేషెంట్లకు కూడా నా పేరు తెలియదు. ఈ బ్రాంచిలో ఉండమంటారా, వదిలేయమంటారా?

ఒక పీజీ విద్యార్థిని, రాయలసీమ

సమాధానం:

అమ్మా,

మత్తు డాక్టర్‌గా ముప్పయ్యేళ్లకు పైగా ఆపరేషన్ థియేటర్లలోనే గడిపాను. నా దగ్గర చదువుకున్న పిల్లలందరినీ నువ్వు అనే పిలిచాను. నిన్నూ అలాగే పిలుస్తాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ట్యూబ్ పడలేదన్నావు, ఆక్సిజన్ 82కి దిగిందన్నావు. అక్కడ నాకు పెద్దగా కంగారు కలగలేదు. "ఎవరికీ చెప్పలేదు" అన్న దగ్గర ఆగిపోయాను. నీ బాధలన్నిటికీ మొదలు అక్కడే ఉందనిపిస్తోంది. దాని దగ్గరికి వస్తాను. ముందు ఆ రాత్రి సంగతి.

నెలలు నిండిన గర్భిణికి పూర్తి మత్తు ఇచ్చి ట్యూబ్ వేయడం మన పనిలో బాగా కష్టమైన వాటిలో ఒకటి. డాక్టర్లు కాని పాఠకుల కోసం కాస్త వివరంగా చెబుతాను. పెరిగిన కడుపు ఊపిరితిత్తులను కింది నుంచి పైకి నెడుతుంది. అందువల్ల వాటిలో నిల్వ ఉండే గాలి తగ్గిపోతుంది. మరోపక్క ఇద్దరికి సరిపడా ఆక్సిజన్ ఖర్చవుతూ ఉంటుంది. ఊపిరి ఆగాక మామూలు మనిషిలో ఆక్సిజన్ మెల్లగా దిగుతుంది, నిండు గర్భిణిలో చూస్తుండగానే దిగిపోతుంది. గొంతు లోపల వాపు ఉంటుంది. రొమ్ములు బరువెక్కి లారింగోస్కోప్ పిడికి అడ్డం వస్తాయి. కడుపులో ఉన్నది పైకి ఎగదన్నే ప్రమాదమూ ఎక్కువే. అందుకే సిజేరియన్‌కు వీలైనంతవరకు వెన్నుకే ఇస్తాం. అది పని చేయక, అర్ధరాత్రి, చుట్టూ అందరూ తొందరపెడుతుంటే, రెండో సంవత్సరం పీజీ చేతిలో మొదటిసారి ట్యూబ్ పడకపోవడం వింతేమీ కాదు. నాకు పడని రాత్రులూ ఉన్నాయి.

నేను నీ ప్రొఫెసర్‌నై ఉంటే మర్నాడు పొద్దున నిన్ను కూర్చోబెట్టి, టీ తెప్పించి, కొన్ని ప్రశ్నలు అడిగేదాన్ని. భుజాల కింద, తల కింద దుప్పట్లు మడిచి పెట్టి, చెవి రంధ్రమూ ఛాతీ ఎముక పై అంచూ ఒకే వరుసలోకి వచ్చేలా చూశావా? మాస్క్ గట్టిగా ఆనించి మూడు నిమిషాలు ఆక్సిజన్ ఇచ్చావా? అంత వ్యవధి లేకపోతే కనీసం ఒక నిమిషంలో ఎనిమిది పెద్ద ఊపిర్లు తీయించావా? ట్యూబ్‌కు దారి చూపే సన్నని కడ్డీ, బూజీ, చేతికి అందేలా ఉందా? మొదటిసారి పడనప్పుడు "పడలేదు, మాస్క్‌తో ఆక్సిజన్ ఇస్తున్నాను" అని పైకి అన్నావా? వీటిలో చివరి ప్రశ్న నాకు అన్నిటికంటే ముఖ్యం. ట్యూబ్ పడనంత మాత్రాన ప్రాణం పోదు, ఆక్సిజన్ అందకపోతే పోతుంది. కొత్తగా చేరిన ప్రతి బ్యాచికీ మొదటి రోజు ఈ మాటే చెబుతూ వచ్చాను. పడలేదని పైకి చెప్పగానే సిస్టర్ బూజీ అందిస్తుంది, ఇంకొకరు సాయానికి పరిగెడతారు, సర్జన్ చేతులు ఆపుతాడు. లోపల దాచుకుంటే నువ్వూ, తగ్గుతున్న ఆ అంకే మిగులుతారు.

ఈ ప్రశ్నలేవీ నిన్ను ఎవరూ అడగలేదు. నీకు మిగిలింది అరుపు ఒక్కటే. మీ సీనియర్ ఆ తల్లిని కాపాడారు, అందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి. 82 చూడగానే ఆయనకూ గుండె జారి ఉంటుంది. అయినా ఆ తర్వాత అన్న మాట తప్పే. అది నీ పనితనం గురించి ఏమీ చెప్పదు.

ఇప్పుడు నీకు రెండు ఇడ్లీల కథ చెప్పాలి.

నేను అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరిన కొత్త. చెవి ఆపరేషన్‌కు పద్దెనిమిదేళ్ల కుర్రాడు వచ్చాడు. అంతకు ముందురోజు అదే వార్డులో ఒకాయన పొద్దున్నే కాఫీ తాగాడని అందరూ వినేలా తిట్టి, ఆపరేషన్ లేదని ఇంటికి పంపేశారు. ఈ కుర్రాడు, వాళ్లమ్మ అదంతా చూశారు. మర్నాడు ఆ తల్లి "ఖాళీ కడుపుతో ఎలా తట్టుకుంటాడు" అని తెల్లవారాక రెండు ఇడ్లీలు పెట్టింది. టేబుల్ మీద పడుకున్నాక నేనే అడిగాను, "ఏమీ తినలేదు కదా?" అని. "లేదు మేడమ్" అన్నాడు. మత్తు ఎక్కుతుండగా కడుపులో ఉన్నది గొంతులోకి వచ్చేసింది. సక్షన్ గొట్టంలో తెల్లటి ముక్కలు కనబడ్డాయి. కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాడు. బతికాడు. వాళ్లమ్మ ఐసీయూ బయట మెట్ల మీద కూర్చుని నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "చెబితే తిట్టి పంపించేస్తారని భయపడ్డాం తల్లీ. తింటే ఇంత అవుతుందని మాకెవరూ చెప్పలేదు."

ఆ రోజు నేనడిగిన ప్రశ్న చూడు. "తినలేదు కదా?" అన్నాను. ఏం జవాబు రావాలో నేనే చెప్పేశాను. అప్పటి నుంచి అడిగే తీరు మార్చుకున్నాను. "చివరగా ఏం తిన్నారు, ఎన్నింటికి?" అంటాను. దానికి ముందే "తిని ఉన్నా కోప్పడను, కాసేపు ఆగి చేస్తాం, అంతే" అంటాను. ఎందుకు తినకూడదో కూడా చెబుతాను. మత్తులో మింగడం, దగ్గడం ఉండవు కాబట్టి కడుపులోది నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుందని ఒక్కసారి అర్థమైతే చాలు, అమ్మమ్మలే మనవల పక్కన కాపలా కూర్చుంటారు.

ఇక్కడే ఇంకో మాట. రాత్రి తొమ్మిది నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్లు కూడా ఇవ్వకుండా మాడ్చడం చాలాచోట్ల ఇంకా అలవాటుగా ఉంది. అంత అవసరం లేదు. ఇడ్లీలాంటి తేలిక తిండికి ఆరు గంటలు, బిర్యానీ, వేపుళ్లలాంటి వాటికి ఎనిమిది గంటలు, పసిపిల్లలకు తల్లిపాలైతే నాలుగు గంటలు, మంచినీళ్లకు రెండు గంటలు ఎడం ఉంటే చాలు. పాలు పోసిన టీ, మజ్జిగ నీళ్ల లెక్కలోకి రావు. అర్జెంటు కేసులు, నిండు గర్భిణులు, చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లు తమ డాక్టర్ చెప్పిందే పాటించాలి. ఆకలికి ఆగలేక దొంగచాటుగా తిన్నవాళ్లను చాలామందిని చూశాను. ఇష్టమొచ్చినట్టు మాడ్చి, ఆ తర్వాత తిన్నందుకు తిడితే ఎవరు నిజం చెబుతారు?

భయంతో దాచేవాళ్లే కాదు, సిగ్గుతో దాచేవాళ్లూ ఉంటారు. ఒక పెద్దావిడను "పెట్టుడు పళ్లు ఉన్నాయా?" అని అడిగితే లేవని తల ఊపింది. అల్లుడు మందులు తేవడానికి బయటికి వెళ్లగానే నా చేయి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. "పై వరసంతా పెట్టుడువే అమ్మా, అల్లుడి ముందు ఎలా చెప్పను?" అంది. మత్తులో ఆ పళ్లు జారి గొంతుకు అడ్డం పడితే ఏమవుతుందో నీకు తెలుసు. భార్య పక్కన ఉన్నంతసేపూ మందు అలవాటు లేదనే మగవాళ్లు, ఆమె లేచి వెళ్లగానే రోజూ క్వార్టర్ అని ఒప్పుకుంటారు. ఐసీయూలోనూ అంతే. పురుగుమందు తాగినవాళ్లను తీసుకొచ్చిన ఇంటివాళ్లు పోలీసు కేసుకు, పరువుకు భయపడి డబ్బా సంగతి చెప్పరు. ఏ మందో తెలిస్తే చికిత్స ఎంత తొందరగా దారిలో పడుతుందో మనకు తెలుసు, వాళ్లకు తెలియదు. మన మానిటర్లు నాడి చూపిస్తాయి, బీపీ చూపిస్తాయి, ఆక్సిజన్ చూపిస్తాయి. ఇడ్లీలు, పెట్టుడు పళ్లు, క్వార్టర్ సీసా చూపించవు. అవి మనిషి నోటితో చెబితేనే మనకు తెలుస్తాయి.

ఎవరికీ చెప్పలేదన్న నీ మాట దగ్గర నేనెందుకు ఆగిపోయానో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆ కుర్రాడు ఇడ్లీలు దాచినట్టే నువ్వు నీ చేతి వణుకును దాస్తున్నావు. కారణం కూడా ఒక్కటే. అతను ముందురోజు వార్డులో తిట్లు విన్నాడు, నువ్వు థియేటర్లో విన్నావు. దాస్తే వచ్చే ప్రమాదం పడేది కూడా అక్కడే, టేబుల్ మీద మన చేతుల్లో ప్రాణం పెట్టి పడుకున్న మనిషి మీద.

కాబట్టి మొదట చేయాల్సింది చెప్పడం. మీ డిపార్ట్‌మెంట్‌లో నువ్వు నమ్మే వాళ్లు ఒక్కరైనా ఉంటారు. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావచ్చు, ఫైనలియర్ అక్క కావచ్చు. వాళ్లతో ఇంతే చెప్పు: "ఆ సిజేరియన్ తర్వాత నాకు చేయి వణుకుతోంది. వచ్చే పది కేసులు మీరు పక్కన ఉండగా వేస్తాను." తేలిక కేసులు ఎంచుకోవడంలో తప్పేమీ లేదు, చాటుగా ఎంచుకోవడమే తప్పు. ముందే చెప్పి ఎంచుకుంటే దాన్ని శిక్షణ అంటారు. రోజూ ఓ పావుగంట బొమ్మ మీద సాధన చెయ్యి. థియేటర్లో టేబుల్ ఎత్తు నీ ఛాతీ ఎముక కింది కొస దాకా వచ్చేలా పెట్టించుకో. చాలామంది పొట్టి అమ్మాయిలు టేబుల్ ఎత్తు మార్చమని అడగడానికి మొహమాటపడి మునివేళ్ల మీద నిలబడి ట్యూబ్ వేస్తుంటారు. ఎడమ మోచేయి ఒంటికి దగ్గరగా ఉంచు. కండరాలు సడలే మందు పూర్తిగా పని చేసేదాకా ఆగు. వెక్యురోనియం అయితే మూడు నిమిషాలు గడియారం చూసి ఆగు. భయపడిన చేయి తొందరపడుతుంది, బిగుసుకుని ఉన్న దవడతో కుస్తీ పడుతుంది, ఇంకా వణుకుతుంది. నీకు కనబడేది కనబడినట్టు పైకి చెబుతూ పని చెయ్యి. "ఎపిగ్లాటిస్ (గొంతు మూత) కనబడింది, కార్డ్స్ (స్వర తంతువులు) కనబడటం లేదు, బూజీ ఇవ్వండి." మాట బయటికి వస్తుంటే చేయి నెమ్మదిస్తుంది. నాకలాగే అయింది, నా పిల్లల్లోనూ చూశాను.

ఇంకొక్కటి, కాస్త కష్టమైన మాట. రాత్రిళ్లు నిద్ర పడుతోందా? ఆ 82 కలలోకి వస్తోందా? మన అల్మారాలో నొప్పి తగ్గించే ఫెంటానిల్ ఉంటుంది, నిద్ర పుచ్చే మిడజోలం ఉంటుంది. ఇవి చేతికి అందేంత దూరంలో ఉండటం వల్లే ఈ వృత్తిలో తెలివైన వాళ్లు కొందరు వాటికి బానిసలయ్యారు. నువ్వు అలా చేస్తావని అనడం లేదు. ఒంటరిగా భరించేవాళ్లకే ఆ ప్రమాదం ఎక్కువ కాబట్టి చెబుతున్నాను. కొన్ని వారాలైనా వణుకు తగ్గకపోతే, నిద్ర పట్టకపోతే, బతుకు మీద విసుగు పుడితే మీ కాలేజీలోని సైకియాట్రీ వాళ్లను కలువు. అక్కడ అందరూ తెలిసినవాళ్లే అని ఇబ్బందిగా ఉంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌కు, 14416కు ఫోన్ చెయ్యి.

ఇక ఆ ఫస్టియర్ అబ్బాయి. సక్షన్ లేకుండా కేసు మొదలుపెట్టకూడదు. నువ్వు ఆపడం సరైనదే. ఇడ్లీల కుర్రాడు బతికింది అతని తల పక్కన సక్షన్ సిద్ధంగా ఉండబట్టే. అయితే నీ అరుపుతో ఆ అబ్బాయి సక్షన్ గురించి ఎంత నేర్చుకున్నాడో తెలియదు కానీ, నీ దగ్గర తప్పులు బయటపడకూడదని మాత్రం కచ్చితంగా నేర్చుకుని ఉంటాడు. రేపు డోసులో సందేహం వస్తే నిన్ను అడగడు.

అవే మాటలు నీ నోట వచ్చాయన్నావు. నువ్వు ఏడ్చింది అందుకేనని నాకు తెలుసు. గురువు మాట శిష్యుడి నోటికి ఎలా వస్తుందో చెప్పే పెద్ద ఉదాహరణ మన హైదరాబాదులోనే ఉంది. 1880లలో హైదరాబాద్ మెడికల్ స్కూల్‌కు ఎడ్వర్డ్ లారీ అనే సర్జన్ ప్రిన్సిపాల్‌గా ఉండేవాడు. ఇప్పటి ఉస్మానియా మెడికల్ కాలేజీకి ఆ స్కూలే మూలం. లారీ ఎడిన్‌బరోలో జేమ్స్ సైమ్ అనే సర్జన్ శిష్యుడు. ఆ రోజుల్లో మత్తుకు వాడిన క్లోరోఫాం ఇస్తున్నప్పుడు ఊపిరిని గమనిస్తే చాలు, నాడి చూడనక్కర్లేదు అన్నది సైమ్ పాఠం. లారీ దాన్నే తన విద్యార్థులకు నూరిపోశాడు. క్లోరోఫాం వల్ల గుండె ఆగి చనిపోతున్నారని వేరేచోట్ల డాక్టర్లు అంటుంటే, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చి 1888లో, 1889లో రెండు కమిషన్లు వేయించాడు. రెండోదానికి లాన్సెట్ వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ అంతటి శాస్త్రవేత్త లండన్ నుంచి వచ్చాడు. వందలాది జంతువుల మీద ప్రయోగాలు చేశారు. చివరికి గురువు చెప్పిందే నిజమని తేల్చారు.

ఊపిరిని కళ్లప్పగించి చూడమన్న మాట ఇవాళ్టికీ మనకు వేదమే. గుండెకేమీ కాదన్నది మాత్రం తప్పు. పలుచని క్లోరోఫాం మత్తులో ఉన్నప్పుడు అడ్రినలిన్ తోడైతే గుండె లయ తప్పి ఆగిపోతుందని 1911లో గుడ్‌మన్ లెవీ పిల్లుల మీద చేసిన ప్రయోగాల్లో చూపించాడు. భయపడినప్పుడు మన ఒంట్లో ఊరేది ఆ అడ్రినలినే. లారీ చెడ్డవాడు కాదు, రోగుల మీద నిజమైన శ్రద్ధ ఉన్నవాడు. కానీ గురువు మాటను అంత గట్టిగా పట్టుకున్న మనిషి ఎదుట "సార్, నాడి కూడా చూద్దామా?" అని అడగడానికి ఏ విద్యార్థికి నోరు వస్తుంది?

ఇది పాతకాలం ముచ్చట అనుకోకు. 2005లో ఇంగ్లండ్‌లో ఎలేన్ బ్రామిలీ అనే ఆవిడ మామూలు సైనస్ ఆపరేషన్‌కు వెళ్లింది. మత్తు ఇచ్చాక మాస్క్‌తో గాలి అందించలేకపోయారు, ట్యూబూ పడలేదు. అనుభవం ఉన్న ముగ్గురు డాక్టర్లు ట్యూబ్ వేయడానికే మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండిపోయారు. ఒక నర్సు గొంతుకు రంధ్రం చేసే సెట్ తెచ్చి సిద్ధంగా ఉందని చెప్పింది. మరో నర్సు ఐసీయూలో బెడ్ అడిగింది. ఏం చేయాలో నర్సులకు తెలుసు, డాక్టర్లు వినేలా ఎలా చెప్పాలో వాళ్లకు తెలియలేదు. ఆవిడ కొద్ది రోజులకు చనిపోయింది. ఆమె భర్త మార్టిన్ బ్రామిలీ విమానం పైలట్. ఎవరినీ శిక్షించమని అడగలేదు. విమానాల్లో జూనియర్ పైలట్ కెప్టెన్‌ను ధైర్యంగా హెచ్చరించడం నేర్పుతారు కదా, థియేటర్లలో ఎందుకు నేర్పరు అని అడిగి, 2007లో దానికోసమే ఒక సంస్థ పెట్టాడు. నా పీజీలకు ఈ సంగతి ఏటా చెప్పేదాన్ని. చెప్పి ఊరుకోకుండా, కేసు మొదలుపెట్టే ముందు "నేనేదైనా మరిచిపోతే గట్టిగా చెప్పండి" అని సిస్టర్‌తో, టెక్నీషియన్‌తో, పీజీతో అనేదాన్ని. మొదట్లో ఎవరూ నోరు విప్పలేదు. కొన్ని నెలలు పట్టింది. ఒకరోజు ఫస్టియర్ పిల్ల ఒకతి వెనక నుంచి సన్నగా "మేడమ్, ఆ సిరంజి మీద లేబుల్ లేదు" అంది. ఆ పూట ఆ ఒక్క మాట ఎంత కాపాడిందో ఎవరూ చెప్పలేరు.

పేషెంట్లకు నీ పేరు తెలియదన్నావు. నువ్వు చెప్పావా అమ్మా? ఇంజెక్షన్ ఇచ్చి మనం వెళ్లిపోతామనే చాలామంది అనుకుంటారు. ముందురోజు సాయంత్రం వార్డుకు వెళ్లు. ఫిట్‌నెస్ కాగితం మీద సంతకం పెట్టడానికి కాదు. స్టూలు లాక్కుని కూర్చుని, "నా పేరు ఇది, రేపు మీకు మత్తు ఇచ్చేది నేనే, మీరు లేచేదాకా మీ తల దగ్గరే ఉంటాను" అని చెప్పు. ఆ చివరి మాట విన్నాక వాళ్ల ముఖం చూడు.

దీని బలాన్ని లెక్కగట్టి చూసినవాళ్లు ఉన్నారు. అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో, 1846 అక్టోబర్ 16న మోర్టన్ ఈథర్ మత్తును లోకానికి చూపించిన ఆసుపత్రిలోనే, లారెన్స్ ఎగ్బర్ట్ అనే అనస్తటిస్టు (మత్తు డాక్టర్) 1960లలో ఈ పని చేశాడు. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టర్ వచ్చి మాట్లాడి వెళ్లిన వాళ్లు, నిద్రమందు మాత్రమే ఇచ్చిన వాళ్లకంటే నిమ్మళంగా ఉన్నారని 1963లో రాశాడు. మరుసటి ఏడాది కడుపు ఆపరేషన్లయిన 97 మందిని చూశాడు. నొప్పి ఎక్కడ ఉంటుంది, ఎన్నాళ్లుంటుంది, పక్కకు ఎలా తిరిగితే తగ్గుతుంది అని ముందే చెప్పి ధైర్యమిచ్చిన వాళ్లకు, మిగతావాళ్లతో పోలిస్తే నొప్పి మందు మార్ఫిన్ దాదాపు సగమే సరిపోయింది. సగం మార్ఫిన్ తగ్గించే మందు ఇంకేదైనా ఉంటే కంపెనీలు ఎంతకు అమ్మేవో! మన చేతిలో ఊరికే ఉంది. వంద కేసుల ఓపీలో టైమెక్కడిది అంటావేమో. ఐదు నిమిషాలు చాలు. నిలబడి మాట్లాడిన పది నిమిషాల కన్నా కూర్చుని మాట్లాడిన ఐదు నిమిషాలే వాళ్లకు గుర్తుంటాయి.

పెళ్లిచూపుల వాళ్ల ప్రశ్నకు పెద్ద జవాబు అక్కర్లేదు. ఐసీయూ అన్నదే మన వృత్తి నుంచి పుట్టిందని చెప్పు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో వచ్చి ఊపిరాడనివాళ్లను బతికించే దారి చూపింది బ్యోర్న్ ఇబ్సెన్ అనే అనస్తటిస్టు. సుమారు 1500 మంది మెడికల్ స్టూడెంట్లు వంతులవారీగా చేతులతో బ్యాగు నొక్కుతూ ఆ రోగులకు ఊపిరి పోశారు. మీ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డకూ పుట్టగానే పరిస్థితి ఎలా ఉందో చూసి ఆసుపత్రిలో వేసే ఆప్గార్ స్కోరు కూడా వర్జీనియా ఆప్గార్ అనే అనస్తటిస్టు పెట్టిందే. ఇంకా దగ్గరి మాట కావాలంటే, ఆ క్లోరోఫాం కమిషన్ల కాలంలోనే హైదరాబాద్ మెడికల్ స్కూల్లో చదివి మత్తు ఇవ్వడాన్నే వృత్తిగా ఎంచుకున్న రూపాబాయి ఫర్దూన్జీ ఉంది. ప్రపంచంలోనే తొలి మహిళా అనస్తటిస్టుగా ఆమెను చెబుతారు. నీకు ముందు ఆమె ఉంది.

నాన్నగారి మాట మాత్రం తేలిగ్గా కొట్టిపారేయను. ఆయన భయంలో కొంత నిజం ఉంది. బయట ప్రాక్టీసులో మనకు పిలుపు వచ్చేది సర్జన్ నుంచి, డబ్బు వచ్చేదీ చాలావరకు ఆయన ద్వారానే. రాత్రిపూట నర్సింగ్ హోమ్ నుంచి నర్సింగ్ హోమ్‌కు బ్యాగు పట్టుకుని తిరగాలి. ఒకచోట మిషన్ బాగుంటుంది, ఒకచోట మానిటర్ ఉండదు. లేనిచోట "ఇక్కడ చేయను" అనగలిగే ధైర్యం కావాలి. పెయిన్ క్లినిక్, క్రిటికల్ కేర్ వైపు వెళ్తే సొంత ఓపీ, సొంత పేషెంట్లు ఉంటారు, ఆ దారి ఇప్పుడు బాగా తెరుచుకుంది. ఏళ్ల తరబడి నీ దగ్గరికే వచ్చే కుటుంబాలు, గుమ్మం మీద నీ పేరు బోర్డు, ఇవే నీకు సంతోషమైతే ఇంకో బ్రాంచి కోరుకోవడం న్యాయమే. అలా అయితే సీటు వదిలితే కట్టాల్సిన డబ్బు, మళ్లీ రాయడానికి ఉన్న రూల్స్ ఆఫీసులో ముందే కనుక్కో. కానీ ఆ రాత్రి విన్న అరుపు వల్ల వదలకు. ముందు ఆ పది కేసులు వెయ్యి. మూడు నెలలయ్యాక నాన్నగారితో కూర్చుని మాట్లాడు. అప్పుడూ వదలాలనే అనిపిస్తే వదిలేయ్, నేనూ కాదనను.

ఈలోపు ఆ ఫస్టియర్ అబ్బాయికి సారీ చెప్పు. హాస్టల్లో కాదు, క్యాంటీన్లో కాదు, అతన్ని తిట్టిన అదే థియేటర్లో, ఆ రోజు విన్న సిస్టర్ ముందే చెప్పు. "సక్షన్ లేకుండా మొదలుపెట్టవద్దన్నది నిజం, అన్న తీరు తప్పు" అను. ఆ తర్వాత సాయంత్రం వార్డుకు వెళ్లేటప్పుడు అతన్నీ వెంట తీసుకెళ్లు. స్టూళ్లు రెండు అడుగు.